క్యూబా వారి కాఫీ – నేను ఆలస్యంగా నేర్చుకున్న పని

(సంఘం వార్షిక సమావేశంలో మధ్యాహ్నం సభలో చేసిన ప్రసంగ పాఠం. సభ్యుల కోరికపై ఈ ప్రత్యేక సంచికలో ప్రచురిస్తున్నాము. – సంపాదకవర్గం)



పొద్దున్నుంచీ డి.ఏ. బకాయిల గురించి, హెల్త్ కార్డుల గురించి, లైఫ్ సర్టిఫికెట్ల గురించి చాలా విన్నారు. ఇది భోజనాల తరవాతి సభ. కార్యదర్శిగారు నన్ను పిలిచి, "ఏదైనా తేలిక విషయం మీద ఇరవై నిమిషాలు మాట్లాడండి, జనం కునుకు తియ్యకుండా చూడండి" అని ఆదేశించారు. కునుకు తియ్యకుండా చూడడానికి నాకు తెలిసిన మందు ఒక్కటే. అది కాఫీ. అందుచేత కాఫీ గురించే మాట్లాడతాను. మన ఫిల్టరు కాఫీ గురించి మాత్రం కాదు. దాని సంగతి ఈ హాల్లో కూర్చున్న ఏ ఇల్లాలైనా నాకంటే బాగా చెప్పగలదు. కరీబియన్ సముద్రంలో ఉన్న క్యూబా దీవివాళ్లు పొయ్యి మీద ఒక చిన్న పాత్ర పెట్టి కాచుకునే కాఫీ గురించి చెబుతాను. ఇది తేలిక విషయమో కాదో చివర్లో మీరే నిర్ణయించండి.

ముందుగా మీ అందరి ముందు ఒక విషయం ఒప్పుకోవాలి. ముప్ఫై నాలుగేళ్లు సర్వీసు చేశాను. ఎంత పెద్ద ఆడిట్ అభ్యంతరానికైనా జవాబు రాశాను. కాని అరవై ఏడో ఏడు వచ్చేదాకా ఒక కప్పు కాఫీ నా చేత్తో కలుపుకుని ఎరగను. ఆ అవసరం రాలేదు. తెల్లవారుజామున ఐదింటికి మా ఆవిడ ఇత్తడి ఫిల్టరులోంచి డికాక్షన్ తీసి, పాలు పొంగించి, పొగలు కక్కే గ్లాసు నా చేతిలో పెట్టేది. నలభై ఒక్క సంవత్సరాలు పెట్టింది. పొడి ఎంత వేస్తోందో, రాత్రే వేస్తోందో పొద్దున్నే వేస్తోందో నేను ఏనాడూ అడగలేదు.

ఆవిడ పోయింది. కర్మకాండలు అయ్యాయి. బంధువులంతా ఎవరి ఊళ్లకు వాళ్లు వెళ్లారు. ఆ మర్నాడు అలవాటు ప్రకారం ఐదింటికి మెలకువ వచ్చింది. వంటింట్లోకి వెళ్లాను. కాఫీపొడి డబ్బా ఏదో తెలియలేదు. మూడు డబ్బాలు మూత తీసి వాసన చూస్తే గాని దొరకలేదు. దొరికాక ఏం చెయ్యాలో తెలియలేదు. మన ఇంట్లో మనమే పరాయివాళ్లం అయిపోవడం ఎలా ఉంటుందో ఆ రోజు తెలిసింది. డబ్బా మూత పెట్టేసి, వీధి చివర బడ్డీ కొట్టుకు వెళ్లి టీ తాగి వచ్చాను.

తరవాత మా అమ్మాయి వచ్చి నన్ను అమెరికా తీసుకుపోయింది. వాళ్లుండేది ఫ్లోరిడా రాష్ట్రంలో, మయామీ దగ్గర. మీలో చాలామంది పిల్లల దగ్గరికి వెళ్లివచ్చినవారే కనుక అక్కడి పగళ్లు ఎలా ఉంటాయో చెప్పనక్కరలేదు. ఎనిమిదింటికల్లా అందరూ వెళ్లిపోతారు. సాయంత్రం ఆరుదాకా మనమూ, గోడలూ. ఒకరోజు మెట్ల మీద కూర్చుని ఉంటే పక్క వాటాలోని పెద్దావిడ తలుపు తీసి, చేతిలో ఒక చిన్న కప్పు పెట్టి లోపలికి వెళ్లిపోయింది. మన దేవుడి గదిలో తీర్థం గిన్నె అంత కప్పు. అందులో నల్లటి కాఫీ, దాని మీద లేత గోధుమ రంగు నురగ. నోట్లో పోసుకున్నాను. పాలు లేవు, కాని చేదు లేదు. చిక్కదనం, తీపి, కమ్మటి వాసన, అన్నీ ఒకేసారి తగిలాయి.

ఆవిడ క్యూబా దేశస్థురాలు. డెబ్భై అయిదు దాటిన మనిషి. ఆవిడకు ఇంగ్లీషు అంతంత మాత్రం, నాకు స్పానిష్ సున్న. శని, ఆదివారాల్లో ఆవిడ మనవడు వస్తే మా ఇద్దరికీ దుబాసీ. వాళ్ల భాషలో అమ్మమ్మను అబుయేలా అంటారు. ఆ కుర్రాడు అలా పిలుస్తుంటే నాకూ అదే అలవాటయింది. క్యూబాలో 1959లో విప్లవం వచ్చింది. 1965 నుంచి 1973 దాకా ఆ దేశం నుంచి మయామీకి విమానాలు నడిచాయి. దేశం విడిచి వెళ్లదలచినవాళ్లు లక్షల్లో ఆ విమానాలెక్కారు. పెళ్లి కాకముందే తల్లిదండ్రులతో అలా వచ్చిందట ఆవిడ. తెచ్చుకున్నది చిన్న పెట్టె ఒకటి. ఇక్కడికొచ్చి బట్టల మిల్లులో పని దొరికాక మొదటి జీతంతో కొన్న వస్తువు కాఫీ పాత్ర అని నాకు చూపించింది. పిడి రెండుసార్లు మార్చారు. పాత్ర మాత్రం అదే.

ఇక ఈ కాఫీ చరిత్ర కొంచెం చెప్పుకోవాలి.

కాఫీ మొక్కకు పుట్టిల్లు ఇథియోపియా. దాన్ని పానీయంగా ప్రచారంలోకి తెచ్చినవాళ్లు యెమెన్ దేశస్థులు. ఆ దేశపు రేవుపట్టణం మోకా. బాబా బుడన్ అనే సూఫీ మహనీయుడు ఆ మోకా నుంచే ఏడు గింజలు తెచ్చి చిక్కమగళూరు కొండల్లో నాటాడని మనవాళ్లు చెప్పుకుంటారు. అదే మొక్క సముద్రం దాటి కరీబియన్ దీవులకు కూడా చేరింది. 1720ల తొలినాళ్లలో ద క్లియూ అనే ఫ్రెంచి అధికారి ఓడలో ఒక మొక్కను మార్టినిక్ దీవికి తీసుకుపోయాడు. దారిలో మంచినీళ్లు తక్కువైతే తన వాటా నీళ్లు ఆ మొక్కకు పోశానని ఆయనే తరవాత చెప్పుకున్నాడు.

ఆ పక్కనే ఉన్న సాన్ దొమాంగ్ అనే ఫ్రెంచి వలస, అంటే నేటి హైతీ, 1780ల చివరికి ప్రపంచం మొత్తం తాగే కాఫీలో దాదాపు సగం పండించేది. పండించింది ఎవరు? ఆఫ్రికా నుంచి గొలుసులు వేసి తెచ్చిన బానిసలు. 1791 ఆగస్టులో వాళ్లు తిరగబడ్డారు. పన్నెండేళ్లకు పైగా పోరాడి 1804 జనవరి 1న స్వతంత్ర దేశం ప్రకటించుకున్నారు. అక్కడినుంచి పారిపోయిన ఫ్రెంచి తోటల యజమానులు చాలామంది క్యూబా తూర్పు కొండలకు చేరి, మళ్లీ బానిసల చేతనే అడవులు కొట్టించి కాఫీ తోటలు వేశారు. ఆ తోటల శిథిలాలు, కాఫీ ఆరబోసిన కళ్లాలు, నీటి కాలవలు ఇప్పటికీ ఉన్నాయి. యునెస్కో వారు 2000లో వాటిని ప్రపంచ వారసత్వ సంపదగా గుర్తించారు. క్యూబాలో బానిసత్వం రద్దయింది 1886లో. మనం తాగే ప్రతి తీపి గుక్క వెనక ఎవరి చేదు ఉందో తెలుసుకోవడం మంచిదని ఇదంతా చెప్పాను. పంచదార సంగతీ అంతే. క్యూబా ఒకప్పుడు పంచదార దేశం. చెరకు తోటల్లో పనిచేసిందీ వాళ్లే. అక్కడి కాఫీకి అంత తీపి అలవాటు కావడంలో వింతేమీ లేదు.

పూర్వం క్యూబాలోను, ప్యూర్టోరికోలోను కాఫీని గుడ్డతో వడకట్టేవారు. చెక్క చట్రానికి జోలెలాంటి గుడ్డసంచి వేలాడదీసి, మరిగిన కాఫీ అందులో పోసేవారు. ఫిల్టర్లు రాకముందు మన ఇళ్లలోనూ పల్చటి గుడ్డతోనే కదా వడకట్టుకున్నది! తరవాత ఇటలీ నుంచి ఒక పాత్ర వచ్చింది. 1933లో అల్ఫోన్సో బియలెట్టి అనే ఆయన తయారు చేయించిన అల్యూమినియం పాత్ర అది. యెమెన్ రేవు పేరు మీద దానికి మోకా అని పేరు పెట్టారు. ఆయన కొడుకు రెనాటో బియలెట్టి రెండో ప్రపంచ యుద్ధం తరవాత దాన్ని ఇంటింటికీ చేర్చాడు. రెనాటో 93వ ఏట 2016లో చనిపోతే, ఆయన అస్థికలను పెద్ద మోకా పాత్రలోనే ఉంచి సమాధి చేశారు. ఆయనకు తన పని మీద ఉన్న అభిమానం అటువంటిది. డొమినికన్ రిపబ్లిక్, ప్యూర్టోరికోలలో ఈ పాత్రను గ్రేకా అంటారు. క్యూబావాళ్లు కఫెతేరా అంటారు.

ఇప్పుడు పాత్ర ఎలా పనిచేస్తుందో చూద్దాం. ఇందులో మూడు భాగాలు. అడుగున నీళ్లు పోసే గిన్నె. దాని ప్రక్కన ప్రెషర్ కుక్కరుకు ఉన్నట్టే ఒక చిన్న సేఫ్టీ వాల్వు. మధ్యలో కాఫీపొడి వేసే జల్లెడ, దాని కింద పొడుగాటి గరాటు గొట్టం. పైన కూజా. పై కూజాను అడుగు గిన్నెకు మరతో బిగిస్తాము. మధ్యలో రబ్బరు వాషరు ఉంటుంది. కింద మంట పెట్టగానే గిన్నెలోని గాలి, ఆవిరి వ్యాకోచించి నీటి మీద ఒత్తిడి తెస్తాయి. నీటికి వేరే దారి లేదు. గొట్టం ద్వారా పైకి ఎక్కి, పొడిలోంచి దూరి, డికాక్షన్‌గా మారి పై కూజాలోకి వస్తుంది. మన ఫిల్టరులో నీళ్లు తమ బరువుతో కిందికి దిగుతాయి. ఇందులో ఒత్తిడితో పైకి ఎక్కుతాయి. తేడా అంతే. మన ఫిల్టరుకు గంటో గంటన్నరో పట్టే పని దీనికి అయిదారు నిమిషాల్లో అవుతుంది.

పద్ధతి చెబుతాను. రాసుకునేవాళ్లు రాసుకోండి.

పాత్రలు కప్పుల లెక్కన అమ్ముతారు. మూడు కప్పులది అంటే మన మూడు గ్లాసులని పొరపడకండి. ఆ కప్పు సుమారు 50 మిల్లీలీటర్లు. మూడు కప్పుల పాత్రకు సుమారు 150 మిల్లీలీటర్ల నీళ్లు, 15 గ్రాముల పొడి పడతాయి. ఆరు కప్పులదానికి రెట్టింపు. ఒంటరిగా ఉండేవారికి మూడు కప్పులది చాలు. ఈ పాత్ర సగం నింపితే సరిగా పనిచెయ్యదు. అందుకని అవసరానికి తగిన సైజు కొనుక్కోవాలి.

మొదటిది నీళ్లు. సేఫ్టీ వాల్వుకు కొంచెం కిందిదాకా పొయ్యాలి. వాల్వు మునగకూడదు.

రెండోది పొడి. జల్లెడ నిండా వేసి, చెంచా వెనక వైపుతో పైన చదును చెయ్యాలి. నొక్కి కూరకూడదు. అంచుల మీద పడిన పొడిని వేలితో తుడిచెయ్యాలి. లేకపోతే వాషరు సరిగా పట్టక ఆవిరి పక్కలనుంచి పోతుంది. తరవాత గట్టిగా బిగించాలి. బిగించేటప్పుడు పిడి పట్టుకుని తిప్పకండి, విరుగుతుంది. కూజా నడుం పట్టుకుని తిప్పాలి.

మూడోది మంట. మన గ్యాసు పొయ్యి మీద చిన్న బర్నరే వాడాలి. పాత్ర అడుగు చిన్నది కనుక స్టాండు చువ్వల మధ్య ఒరిగిపోతుంది. పైన ఒక ఇనుప జల్లెడ వేసి దాని మీద పెట్టాలి. మంట సిమ్‌లో ఉండాలి. పై మూత తెరిచే ఉంచండి. లోపల జరిగేది కనపడాలి. ఇండక్షన్ పొయ్యి మీద అల్యూమినియం పాత్ర పనిచెయ్యదు. దానికి స్టీలుది కొనుక్కోవాలి.

నాలుగోది అసలైన క్యూబా విద్య. నీళ్లు కాగేలోపు ఒక గ్లాసులో పంచదార వేసి సిద్ధంగా పెట్టుకోవాలి. మూడు కప్పుల పాత్రకు రెండు మూడు టీస్పూన్లు. గొట్టం పైనుంచి మొట్టమొదట వచ్చే డికాక్షన్ తారులా చిక్కగా ఉంటుంది. అందులో ఒకటి రెండు టీస్పూన్లు మాత్రమే ఆ పంచదార మీద పోసి, పాత్రను మళ్లీ సిమ్ మీద పెట్టాలి. ఇప్పుడు చెంచాతో పంచదారను గిలకొట్టాలి. మొదట గోధుమ రంగు ముద్దలా ఉంటుంది. రెండు మూడు నిమిషాలు ఆగకుండా కొడితే రంగు తేలి వెన్నలా తయారవుతుంది. దీన్నే ఎస్పుమీతా అంటారు, అంటే చిన్ని నురగ అని అర్థం. డికాక్షన్ ఎక్కువ పడితే పంచదార కరిగి పాకం అయిపోతుంది, నురగ రాదు. మొదటి నాలుగు రోజులు నాకు పాకమే వచ్చింది. అబుయేలా నా గ్లాసు చూసి తల అడ్డంగా ఊపి, మళ్లీ మొదటినుంచి చేయించేది. మా సెక్షన్ ఆఫీసరు కూడా నా డ్రాఫ్టులను అన్నిసార్లు తిప్పి పంపలేదు.

అయిదోది దించడం. నీళ్లు అయిపోవస్తుంటే కూజాలో బుసబుసమని శబ్దం వస్తుంది, డికాక్షన్ రంగు పలచబడుతుంది. వెంటనే దించెయ్యాలి. ఇంకా ఉంచితే ఆవిరి పొడిని మాడ్చి కాఫీ చేదెక్కుతుంది. దించిన కాఫీని నెమ్మదిగా పంచదార వెన్న మీద పోస్తూ కలిపితే నురగ పైకి తేలుతుంది. చిన్న కప్పుల్లో సర్దుకోవడమే. ఇది కఫెసీతో. దీనికి కొద్దిగా వేడిపాలు కలిపితే కొర్తదీతో. పెద్ద కప్పులో పాలు ఎక్కువ పోసుకుంటే కఫే కోన్ లేచే. ఈ పాల కాఫీలో వెన్న రాసిన రొట్టె ముంచుకుని తినడం వాళ్ల ఉదయపు ఫలహారం. మనం కాఫీలో బిస్కట్టు ముంచితే పిల్లలు నవ్వుతారు. ఇకనుంచి ఇది అంతర్జాతీయ పద్ధతి అని చెప్పండి.

పాత్ర పూర్తిగా చల్లారకుండా మర విప్పకూడదు. కడగడానికి మంచినీళ్లు చాలు. ఉత్త నీళ్లతో కడిగి తుడిచి, విడి భాగాలుగానే ఆరబెట్టాలి. గట్టి సబ్బులతో, పీచుతో తోమితే అల్యూమినియం నల్లబడుతుంది. వాషరు గట్టిపడితే మార్చుకోవాలి.

ఆరు నెలలు అయ్యాక నేను ఇంటికి వస్తానన్నాను. పిల్లలు ఒప్పుకోలేదు. "నాన్నగారూ, ఒక్కరే ఎలా ఉంటారు? కాఫీ కూడా కలుపుకోలేరు" అంది మా అమ్మాయి. అదే మాట అంది. అప్పుడు నేను లేచి, వాళ్లందరికీ ఆ కాఫీ కాచి ఇచ్చాను. నేను పగలు ఎక్కడ ఏం చేస్తున్నానో వాళ్లకు తెలియదు. మా అమ్మాయి కప్పు చేత్తో పట్టుకుని కాసేపు ఏమీ మాట్లాడలేదు. తరవాత, "సరే, ఆరు నెలలు చూద్దాం. వంట కూడా నేర్చుకోవాలి" అని షరతు పెట్టింది. బయలుదేరే రోజున అబుయేలా ఒక కొత్త పాత్ర అట్టపెట్టెలో పెట్టి ఇచ్చింది. అలా నేను మళ్లీ నా ఇంటికి, ఈ సంఘానికి వచ్చాను.

ఇక్కడికొచ్చాక జరిగిన ఒక పొరపాటు మీ క్షేమం కోరి చెబుతాను. తెచ్చుకున్న పొడి అయిపోయింది. బజారులో మన ఫిల్టరు పొడి కొన్నాను, చికోరీ బాగా కలిసినది. యథాప్రకారం వేసి మంట పెట్టాను. అయిదు నిమిషాలైనా, ఎనిమిది నిమిషాలైనా పైకి చుక్క రాలేదు. మంట పెంచాను. అదే నా తెలివితక్కువతనం. హఠాత్తుగా సేఫ్టీ వాల్వు లోంచి ఆవిరి కుక్కర్లా రయ్యిమంటూ వచ్చింది. గ్యాసు కట్టేసి దూరంగా నిలబడ్డాను. ఏమీ కాలేదు. కాని ఆ రోజు నాకు ప్రాణభయం కంటే మరో భయం వేసింది. ఇది అమ్మాయికి తెలిస్తే నన్ను ఒంటరిగా ఉండనివ్వదు. ఆ సాయంత్రం ఫోనులో ఈ సంగతి తప్ప అన్నీ చెప్పాను. ఈ సంచిక వాళ్లు చదివితే నా పని అయిపోయినట్టే.

కారణం తరవాత అర్థమయింది. చికోరీ తడిస్తే బంకగా సాగి నీటిదారిని మూసేస్తుంది. మన ఫిల్టరుకు అది మంచిదే, డికాక్షన్ నెమ్మదిగా దిగుతుంది. కాని ఒత్తిడితో పనిచేసే ఈ పాత్రకు ప్రమాదం. మరీ మెత్తటి పొడి కూడా అంతే. చికోరీ లేని పొడి, బొంబాయి రవ్వకంటె సన్నగా, మైదాకంటె బరకగా, దాదాపు సన్నటి ఉప్పులా ఉండాలి. మన అరకు లోయ అరబికా కాఫీకి 2019లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. గిరిజన రైతులు పండించే ఆ గింజలు ఈ కాఫీకి చక్కగా సరిపోతాయి. నేను వాడేది అదే. మరపట్టించేటప్పుడు మోకా పాత్రకని చెప్పండి.

ఇలాంటి కష్టమే క్యూబావాళ్లకూ ఉంది. అక్కడ 1962 నుంచి రేషను పుస్తకం మీద సరుకులిస్తున్నారు. కాఫీ చాలక అందులో వేయించిన బటానీల పొడి కలిపి ఇచ్చేవారు. మధ్యలో మానేసి, 2011లో మళ్లీ మొదలుపెట్టారు. ఒకప్పుడు ప్రపంచానికి కాఫీ ఎగుమతి చేసిన దీవి అది. అబుయేలా అక్కగారు క్యూబాలోనే ఉండిపోయింది. ఎవరైనా అటు వెళుతుంటే అబుయేలా పంపేది స్వచ్ఛమైన కాఫీపొడి పొట్లం. బటానీ కాఫీ తాగిన నాలిక దీని రుచి తట్టుకోగలదో లేదో అని నవ్వేది. నవ్వేది గాని, ఆ పొట్లం కట్టేటప్పుడు ఆవిడ మొహం చూడలేకపోయేవాణ్ని.

ఆరోగ్యం సంగతి చెప్పకుండా ముగిస్తే మన డాక్టరు సభ్యులు ఊరుకోరు. ఈ కాఫీలో తీపి ఎక్కువ. చక్కెర జబ్బు ఉన్నవాళ్లు ఎస్పుమీతా జోలికి పోవద్దు. పంచదార లేకుండా కాచి, పాలు కలుపుకుని తాగండి. వాసనలో లోటేమీ ఉండదు. ఆరోగ్యవంతులైన పెద్దలకు రోజుకు 400 మిల్లీగ్రాముల కెఫీన్ దాకా ఫరవాలేదని సాధారణంగా చెబుతారు. బి.పి., గుండె దడ ఉన్నవారు మీ డాక్టరు మాటే వినండి. మధ్యాహ్నం మూడు దాటాక తాగితే రాత్రి నిద్ర చెడుతుంది, నా అనుభవం అది. థైరాయిడ్ మాత్ర వేసుకునేవారు మాత్ర మంచినీళ్లతో వేసుకుని కనీసం అరగంట, వీలైతే గంట ఆగి కాఫీ తాగాలి. ఐరన్ మాత్రలు కూడా కాఫీతో కలిపి వేసుకోకూడదు, ఒంటికి పట్టదు.

చివరగా రెండు మాటలు.

మయామీలో హోటళ్ల గోడకు వీధివైపు చిన్న కిటికీ ఉంటుంది. దాన్ని వెంతనీతా అంటారు. అక్కడ కొలాదా అని అడిగితే ఒక గ్లాసు నిండా కఫెసీతో, దానితోపాటు నాలుగైదు చిన్న చిన్న ప్లాస్టిక్ కప్పులు ఇస్తారు. అంత కాఫీ ఒక్కడు తాగడానికి కాదు. కొన్నవాడు పక్కవాళ్లకు పోసి ఇవ్వాలి. కిటికీ దగ్గర నిలబడి ముసలివాళ్లు ఆ కప్పులు పట్టుకుని రాజకీయాలు మాట్లాడుతుంటే, నాకు మన పాత ఆఫీసు క్యాంటీను గుర్తొచ్చేది. టూ బై త్రీ చెప్పుకుని సాసరులో పోసుకుని తాగిన రోజులు మీకు మాత్రం గుర్తు లేవా?

ఇక్కడికొచ్చాక నేనూ కొలాదా మొదలుపెట్టాను. మా వీధిలో మన సభ్యులొకరు ఉన్నారు. వారికీ ఇంటిదీపం ఆరిపోయి ఏడాదిన్నర. సమావేశాలకు రావడం మానేశారు. పదిన్నరకు చిన్న ఫ్లాస్కులో కాఫీ పోసుకుని వెళుతున్నాను. మొదటి వారం తలుపు దగ్గరే పుచ్చుకుని పంపించేశారు. రెండో వారం లోపలికి రమ్మన్నారు. ఇప్పుడు నేను ఆలస్యమైతే గేటు దగ్గర నిలబడుతున్నారు. పోయిన నెలలో, "ఆ పాత్ర ఎలా వాడాలో చూపించండి" అన్నారు. మన జాబితాలో ఇలా సమావేశాలకు రావడం మానేసినవాళ్లు ఎంతమంది ఉన్నారో కార్యదర్శిగారికి తెలుసు. ఒక్కొక్క సభ్యుడు ఒక్కొక్క ఇంటికి వారానికి ఒక్కసారి వెళితే చాలు. కాఫీయే తీసుకెళ్లనక్కరలేదు, మజ్జిగైనా సరే.

రెండో మాట. అయ్యలారా, మీ ఇంట్లో ఇల్లాలు ఉండగానే కాఫీ కలపడం ఆవిడ దగ్గర నేర్చుకోండి. నాకా భాగ్యం తప్పిపోయింది. క్యూబా కాఫీ చెయ్యడం వచ్చింది గాని, మా ఆవిడ చేసిన కాఫీ ఎలా చేసిందో ఇప్పటికీ తెలియదు. అడిగితే చెప్పేది, నేను అడగలేదు. అలాగే అమ్మలారా, మీవారి పి.పి.ఓ. పుస్తకం ఎక్కడుందో, కుటుంబ పెన్షనుకు ఏ కాగితాలు కావాలో, బ్యాంకు ఖాతా జాయింటుగా ఉందో లేదో ఈ రోజే అడగండి. నాకు కాఫీపొడి డబ్బా తెలియనట్టే, పెన్షను ఫైలు ఎక్కడుందో తెలియక బ్యాంకుల చుట్టూ తిరిగిన సోదరీమణులు ఈ హాల్లోనే ఉన్నారు. రేపు ఉదయం ఒక గంట కూర్చోండి. ఆవిడ మీకు ఫిల్టరు చూపిస్తుంది, మీరు ఆవిడకు ఫైలు చూపించండి. ఇద్దరిలో ఎవరు ముందో మన చేతిలో లేదు గనుక, ఈ పని వాయిదా వెయ్యకండి.

హాలు వెనక బల్ల మీద నా పాత్ర, ఇంకో ఆరు కప్పుల పాత్ర పెట్టాను. అరకు పొడి, చిన్న కప్పులు ఉన్నాయి. పంచదార వేసినది ఎడమవైపు, వెయ్యనిది కుడివైపు. దయచేసి కప్పు మీరు తీసుకునే ముందు పక్కవారికి అందించండి.